సోదా సరే, జవాబు చెప్పేదెవరు?

విమానాశ్రయాల్లో జరిగే సోదాల మీద రాస్తానంటే మా సంఘం మిత్రుడొకాయన నవ్వినాడు. "ఏం సార్, శ్మశానానికి దోవ లేక పీనుగను వాగులో మోసుకపోతావుండాము. హోటల్లో గ్లాసుల గొడవ పూర్తిగా పోనేలేదు. మీకు విమానాలు గుర్తొచ్చినాయా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే నేను తిరిగి ఒకటి అడిగినాను. మన కోయిలకుంట్ల చుట్టుపక్కల మాలగేరుల్లో, మాదిగగేరుల్లో విమానం ఎక్కినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టు అన్నాను. ఆయన వేళ్ళు ముడవడం మొదలుపెట్టినాడు. ఒక చెయ్యి చాల్లేదు. రెండో చెయ్యీ చాల్లేదు. వాళ్ళలో ఒక్క ఆఫీసరు లేడు. ఒక్క వ్యాపారి లేడు. అందరూ కూలోళ్ళే. శనగ చేలల్లో, పత్తి చేలల్లో కూలి చేసి, వానలు ఎగ్గొట్టిన ఏడు అప్పు తీర్చలేక కువైట్‌కో, సౌదీకో, దుబాయికో పోయినోళ్ళు. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు పోతే ఇంటికొక మనిషి కువైట్‌లో ఉండే పల్లెలున్నాయి. వాళ్ళలో ఆడవాళ్ళు తక్కువేం కాదు. పరాయి ఇంట్లో అంట్లు తోమడానికి, పిల్లల్ని పెంచడానికి పోయే తల్లులు వాళ్ళు. మా ఊరి మోతుబరి ఈనాటికీ బెంగుళూరుకు కారులో పోతాడు. విమానం ఎక్కేది మా వాళ్ళు.

కాబట్టి విమానాశ్రయం గేటు పెద్దకులాలోళ్ళ సమస్య అనుకోవడం మన పొరపాటు. ఊరి బావి దగ్గర, గుడి మెట్ల దగ్గర, హోటలు అరుగు దగ్గర మనకు ఏం జరిగిందో మాట్లాడుకున్నాం. ఈ కొత్త గుమ్మం దగ్గర ఏం జరుగుతా ఉందో కూడా మాట్లాడుకోవాల.

*

గాలి కబుర్లు కాకుండా ఉండాలంటే మా ఇంటి సంగతే చెప్పాల. 2022 నవంబరులో మా చిన్నమ్మ కూతురు కువైట్‌కు పోయింది. వయసు 38. భర్త చనిపోయి ఆరేండ్లు. ఇద్దరు పిల్లలు. పదో తరగతి పాసు కాలేదు గనుక ఆమె పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు. అంటే గల్ఫు దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాల. 1983 వలస చట్టం కింద ఈ ఏర్పాటు చేసినారు. ఏజెంట్ల మోసం నుంచి కాపాడటానికేనంటారు. కాపాడిందెంతో గానీ, చదువు లేదన్న సంగతి మాత్రం కౌంటరు కౌంటరుకూ పాస్‌పోర్టే చెప్పేస్తుంది.

ఆమె ఎడమ తొడలో రాడ్ ఉంది. అంతకు నాలుగేండ్ల ముందు శనగ కోతకు పోతావుంటే ట్రాక్టరు బోల్తాపడింది. ఎముక విరిగితే ఆసుపత్రిలో ఇనుము వేసి నిలబెట్టినారు. అంటే ఆ ఇనుము కూలికి పోయి తెచ్చుకున్నది.

నేను అద్దాల తలుపు దాకా పోయి ఆమెను సాగనంపి వచ్చినాను. అక్కడినుంచి లోపలికి టికెట్టు ఉన్నోళ్ళనే రానిస్తారు. లోపల జరిగింది ఆమె చెప్పగా విన్నదే. అది కూడా పన్నెండో రోజున. అంతవరకు ఆమె చేతికి ఫోను రాలేదు.

తలుపు చట్రంలాంటి మిషనులోంచి నడిస్తే అది కుయ్యిమంది. ఒక లేడీ కానిస్టేబులు తెర వెనక్కి తీసుకపోయింది. హిందీలో ఏందో అడిగింది. ఈమె "కాల్లో ఇనుము ఉందమ్మా, రాడ్ ఏసినారు" అని తెలుగులో చెప్పింది. ఆమెకు ఇది తెలీదు, ఈమెకు అది తెలీదు. రెండో కానిస్టేబులు వచ్చింది. చీర తొడదాకా ఎత్తమని సైగ చేసింది. మచ్చ మీద వేలుపెట్టి నొక్కి చూసినారు. తెర సగమే వేసి ఉంది. అవతల మొగోళ్ళ వరుస కనబడతా ఉంది. డాక్టరు ఇచ్చిన కాయితం ఉంది, కానీ పెద్ద పెట్టెలో పెట్టింది. ఆ పెట్టె అప్పటికే బెల్టు మీద పోయింది. బొడ్లో దోపుకున్న చిన్న సంచి విప్పించి నోట్లు లెక్కబెట్టినారు. పిల్లలు గుర్తుకొస్తే తిందామని చేతిసంచిలో పెట్టుకున్న గోంగూర పచ్చడి డబ్బా తీసి చెత్తబుట్టలో వేసినారు. ఎందుకు వేసినారో చెప్పలేదు. అరగంట పక్కన నిలబెట్టి, తర్వాత పొమ్మని చెయ్యి ఊపినారు.

ఆమె నాతో అన్న మాట ఇది. "అన్నా, కొట్టలేదు. తిట్టినారో లేదో నాకు బాస తెల్దు. కానీ నా కాలు జూసి ఇద్దరూ నవ్వుకున్నారన్నా. దొంగతనం చేసి దొరికినట్టు అందరూ నా పక్కే జూసినారు."

నేను ఫిర్యాదు రాసినాను. చదువుకున్నవాణ్ణి కదా, రాయడం నా పని. రెండు నెలలకు ఇంగ్లీషులో జవాబు వచ్చింది. సోదా చేసిన వ్యక్తి పేరు రాయలేదన్నారు. ఏ కౌంటరో, సరిగ్గా ఎన్ని గంటలకో రాయలేదన్నారు. కెమెరా రికార్డు ఇప్పుడు లేదన్నారు. వివరాలు చాలనందున ఫిర్యాదు ముగించినామన్నారు.

ఆ విమానాశ్రయం పేరు నేను రాయడం లేదు. ఒక చోటును తిడితే మిగతావన్నీ బాగున్నాయని అర్థం వస్తుంది. నాకు కావల్సింది ఆ ఇద్దరు ఆడపిల్లల ఉద్యోగాలు ఊడబీకడం కూడా కాదు. ఏమీ రాసి పెట్టకుండా, ఎవరికీ లెక్క చెప్పకుండా ఒక మనిషి ఒంటిని విప్పి చూసే అధికారం ఏదైతే ఉందో, దాని సంగతి మాట్లాడాల.

*

ముందే ఒక మాట స్పష్టం చేస్తున్నాను. సోదా వద్దని నేను అనడం లేదు. 1985 జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానాన్ని సముద్రం మీద బాంబుతో పేల్చేసినారు. 329 మంది చచ్చిపోయినారు. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి వచ్చే విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకపోయినారు. ఆ తర్వాతనే, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి, విమానాశ్రయాల కాపలా రాష్ట్ర పోలీసుల చేతిలోంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి పోయింది. ద్రవాలు మోసుకపోయి విమానాలు పేల్చాలని చూసిన కుట్ర 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడింది. చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించి నీళ్ళూ నూనే తీసుకపోనియ్యకపోవడం ఆ తర్వాత వచ్చిన కట్టడే. పచ్చడి డబ్బా చెత్తబుట్టలో పడటానికి కూడా అటువంటిదే ఏదో కారణం ఉండి ఉంటుంది. ఆ కారణం మా చెల్లెలికి ఎవరైనా తెలుగులో రెండు ముక్కలు చెప్పి ఉంటే ఆమె ఒప్పుకునేది. బాంబు పేలితే చచ్చేదాంట్లో ఆమె కూడా ఉంటుంది కదా.

ఈ సోదా ఎవరో పెట్టే ధర్మం కూడా కాదు. విమానం ఎక్కే ప్రతి మనిషి టికెట్టులోనే భద్రతా రుసుము కడతాడు. 2021 ఏప్రిల్‌లో పెంచినప్పుడు దేశంలో తిరిగేవాళ్ళకు 200 రూపాయలు, విదేశం పోయేవాళ్ళకు 12 డాలర్లు చేసినారు. ఆ లెక్కన మా చెల్లెలు తన చీర ఎత్తించుకోవడానికి వెయ్యి రూపాయలకు దగ్గరగా కట్టి పోయింది. డబ్బు తీసుకున్నప్పుడు రసీదు ఉంది. ఒళ్ళు తడిమినప్పుడు రసీదు లేదు.

*

ఈ సోదా అందరికీ ఒకటేనా?

కాదు. సోదా అక్కరలేని వాళ్ళకు సర్కారు ఒక పట్టిక తయారుచేసి పెట్టింది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, కేంద్ర మంత్రులు, సుప్రీంకోర్టు జడ్జీలు అట్లా పోతుంది ఆ వరుస. ఏ పదవీ లేని రాబర్ట్ వాద్రా పేరు కూడా అందులో చాలా ఏండ్లు ఉండింది. 2015లో గానీ తియ్యలేదు. కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్న మన తెలుగాయన అశోక్ గజపతిరాజు గారు 2016 ఏప్రిల్‌లో స్వయంగా ఒక మాట చెప్పినారు. తనకు సిగరెట్టు అలవాటుందనీ, మంత్రి కాకముందు సోదాలో లైటరు లాక్కునేవాళ్ళనీ, మంత్రి అయినాక ఎవరూ సోదా చెయ్యరు గనుక లైటరు తనతోనే వస్తుందనీ. ఆయన నిజం చెప్పినందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ నిజానికి అర్థమేంది? మంత్రి జేబులో లైటరు విమానం ఎక్కుతుంది. కూలి మనిషి సంచిలో గోంగూర చెత్తబుట్టలో పడుతుంది. ఇదంతా ప్రమాదాన్ని కొలిచి చేసే పనే అయితే లైటరుకు నిప్పు ఉందనీ గోంగూరకు లేదనీ తెలీనంత అమాయకులా వీళ్ళు?

2009లో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారిని ఢిల్లీ విమానాశ్రయంలో ఒక అమెరికా విమాన కంపెనీ వాళ్ళు సోదా చేసినారని బయటకు వచ్చినప్పుడు పార్లమెంటు అట్టుడికింది. కంపెనీ క్షమాపణ చెప్పింది. 2011లో న్యూయార్క్‌లో ఆయనకు మళ్ళీ జరిగితే అమెరికా ప్రభుత్వమే విచారం తెలిపింది. ఒంటిమీద చెయ్యి వెయ్యడం అవమానమని ఈ దేశానికి అప్పుడు అర్థమయింది. బాగుంది. అదే అర్థం రోజూ వరుసలో నిలబడే మామూలు మనిషి విషయంలో ఎందుకు కలగదు?

సుధాచంద్రన్ గారు మనకు 'మయూరి' సినిమాతో తెలుసు. ప్రమాదంలో కాలు పోతే పెట్టుడు కాలుతో నాట్యం చేసిన మనిషి. విమానాశ్రయంలో ప్రతిసారీ ఆ కాలు విప్పమంటున్నారని 2021 అక్టోబరులో ఆమె ప్రధానికి వీడియోలో మొరపెట్టుకుంది. భద్రతా దళం క్షమాపణ చెప్పింది. 2022 మార్చిలో గౌహతి విమానాశ్రయంలో, తుంటిలో లోహం వేయించుకున్న ఎనభై ఏండ్ల నాగా ముసలమ్మను బట్టలు విప్పమన్నారు. ఆమె కూతురు విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే మనిషి. వెంటనే లోకానికి చాటింది. ఒక కానిస్టేబులును సస్పెండ్ చేసినారు. 2024 జూన్‌లో చండీగఢ్‌లో కొత్తగా గెలిచిన ఒక ఎం.పి.ని, ఆమె సినిమా నటి కూడా, కానిస్టేబులు చెంపమీద కొట్టిందని ఆరోపణ వచ్చింది. ఆ రోజే సస్పెన్షను, కేసు.

అంటే ఏందీ? జవాబు చెప్పడం ఈ వ్యవస్థకు చేతకాక కాదు. చేతనవుతుంది. ఒక్క పూటలో చేతనవుతుంది. అడిగేవాడు ఎవరన్నదే ప్రశ్న. నటి అడిగితే క్షమాపణ, ప్రొఫెసరు అడిగితే సస్పెన్షను, ఎం.పి. అడిగితే కేసు. కూలి మనిషి అడిగితే 'వివరాలు చాలవు'.

*

"అక్కడ కులం ఎవరు అడుగుతారండీ, అందరినీ తడుముతారు" అని మా స్టాఫ్ రూములో ఒక సారు అన్నాడు. నిజమే. కులం అడగరు. సంచి అడుగుతుంది, చీర అడుగుతుంది, కాలి పగుళ్ళు అడుగుతాయి, భాష అడుగుతుంది, పాస్‌పోర్టు అడుగుతుంది. ఇన్ని అడిగినాక కులాన్ని వేరే అడగాల్నా?

అంబేద్కర్ గారు తన అనుభవాలు రాసుకున్న 'వీసా కోసం నిరీక్షణ'లో దౌలతాబాద్ కోట సంగతి ఉంది. 1934లో ఆయన తన కార్యకర్తలతో కలిసి నిజాం రాజ్యంలో వున్న ఆ కోట చూడబోయినాడు. గేటు దగ్గర తొట్టి నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేసినారని గుంపు వచ్చి మీద పడింది. చివరికి కోట లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకూడదని షరతు పెట్టి, ముట్టకుండా చూడమని వెంట ఒక ఆయుధం పట్టిన సిపాయిని పంపించినారు. అప్పటికే ఆయన బారిస్టరు, లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చుని వచ్చిన మనిషి. గేటు దగ్గర అదేం పనికి రాలేదు. గేటుకు మనిషి చదువు కనబడదు. ముందే వేసి పెట్టుకున్న అంచనాయే కనబడుతుంది.

ఇందులో ఇంకో విచిత్రముంది. తరతరాలుగా ఈ దేశం మనల్ని ముట్టుకోలేదు. నీళ్ళు పైనుంచి పోసింది, కూలి డబ్బులు దూరంనుంచి విసిరింది. ముట్టుకోకుండా అవమానించింది. ఈ గేటు దగ్గర మాత్రం మొలనూలు దాకా చెయ్యి పెట్టి ముట్టుకుంటుంది. ముట్టుకుని అవమానిస్తుంది. మర్యాదగా ముట్టుకోవడం ఒకటుందని దానికి ఇంకా తెలీదు.

*

ఇక్కడ నా తప్పు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నేనూ సోదా చేసినవాణ్ణే.

పదో తరగతి పరీక్షలకు డ్యూటీ పడితే గేటు దగ్గర పిల్లల జేబులు చూసే పని మాకే వస్తుంది. కొన్నేండ్ల కింద ఒక పొద్దున ఆ పనిలో నిలబడినాను. వరుసలో అన్నిరకాల పిల్లలూ ఉన్నారు. అరగంట అయినాక నాకే తట్టింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కాన్వెంటు పిల్లవాణ్ణి "ఏం లేవు కదరా, పో" అని భుజం తట్టి పంపుతున్నాను. సాంఘిక సంక్షేమ హాస్టలు పిల్లవాణ్ణి మాత్రం చొక్కా ఎత్తించి, చెప్పులు విడిపించి చూస్తున్నాను. నేను ఆ హాస్టల్లోనే చదివి వచ్చినవాణ్ణి. మా నాయన చెప్పులు కుట్టినాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. జైభీమ్ అనేవాణ్ణి. అయినా నా చెయ్యి నేరుగా మా పిల్లల మీదికే పోయింది.

ఎందుకు పోయింది? నా మనసు చెడ్డదని కాదు. ఎవరిని ఎంతసేపు సోదా చెయ్యాలో నా ఇష్టానికే వదిలేసినారు. ఎవరూ రాసుకోరు, ఎవరూ అడగరు. అట్లాంటప్పుడు మనిషి చెయ్యి ఎదురుతిరగనివాడి మీదికే పోతుంది. కాన్వెంటు పిల్లవాడి తండ్రి సాయంత్రం వచ్చి నిలదీస్తాడు. హాస్టలు పిల్లవాడి తండ్రి చేనులో ఉంటాడు. నీళ్ళు పల్లానికి పారినట్టు, లెక్క లేని అధికారం బలహీనుడి వైపే పారుతుంది. నాలాంటివాడి చేతిలోనే ఇట్లయితే, ఎక్కడో ఉత్తరాది పల్లెనుంచి వచ్చి తెలుగు ముక్క రాని కానిస్టేబులు చేతిలో ఎట్లుంటుంది?

ఆ కానిస్టేబులు మన శత్రువు కాదు. ఆమె కూడా ఏ చిన్న రైతు బిడ్డో, ఏ కూలి బిడ్డో. మన పిల్లలూ ఆ యూనిఫారంలో ఉన్నారు. గంటల తరబడి నిలబడి వేలమందిని తడమాల. ఒక్కటి వదిలితే ఉద్యోగం పోతుంది, పది మందిని ఏడిపిస్తే ఏమీ పోదు. అట్లాంటి లెక్క పెట్టింది పైనున్నవాళ్ళు. ఏదైనా గొడవ అయినప్పుడు సస్పెండ్ అయ్యేది మాత్రం కింద కానిస్టేబులే. పద్ధతి రాసినవాడు సస్పెండ్ అయినట్టు నేనెక్కడా చదవలేదు.

*

మా బడికి ఎం.ఇ.ఓ. తనిఖీకి వస్తాడు. హాజరు పట్టీ చూస్తాడు, మధ్యాహ్న భోజనం గుడ్లు లెక్కబెడతాడు. పోయేముందు తనిఖీ పుస్తకంలో తేదీ వేసి, ఏం చూసినాడో రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం వల్ల నేను ఎం.ఇ.ఓ.కు ఎంత జవాబుదారీనో ఎం.ఇ.ఓ. నాకంత జవాబుదారీ. ఆర్.టి.సి. బస్సు కండక్టరు చొక్కాకు బ్యాడ్జి నంబరు ఉంటుంది. బస్సు నంబరు, టికెట్టు చూపించి డిపోలో ఫిర్యాదు చేస్తే ఆ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారో తెలుస్తుంది. మన కోయిలకుంట్ల మీదుగా పోయే రైల్లో ఏం జరిగినా 139కి ఫోను చేస్తే ఒక నంబరు ఇస్తారు. విమానాశ్రయంలో కూడా ఎయిర్‌సేవ అని 2016లో ఒక ఫిర్యాదు ఏర్పాటు పెట్టినారు. అది స్మార్ట్‌ఫోను, ఇంగ్లీషు, నెట్టు ఉన్నవాడికి అందుతుంది. విమానం గంటలో ఎగిరిపోతావుంటే, అవతల దేశంలో దిగగానే పాస్‌పోర్టు యజమాని చేతిలోకి పోతావుంటే, మా చెల్లెలికి ఎట్లందుతుంది? 'విమానం పోతుంది' అన్న భయమే ఆ గేటు దగ్గర అన్నిటికంటే పెద్ద తాళం. నోటికి వేసిన తాళం.

చట్టాల్లో కూడా తాళాలున్నాయి. తెలుసుకోవడం మంచిది. సమాచార హక్కు చట్టంలో ఈ భద్రతా దళానికి మినహాయింపు ఉంది. అయితే అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సంగతులకు ఆ మినహాయింపు వర్తించదు. హక్కుల ఉల్లంఘన సమాచారం కేంద్ర సమాచార కమిషను అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాల. ఇది మనం వాడుకోవాల్సిన సందు. జాతీయ మానవ హక్కుల కమిషను ఉంది గానీ, కేంద్ర సాయుధ బలగాల మీద ఫిర్యాదు వస్తే 1993 చట్టం 19వ సెక్షను కింద అది నేరుగా విచారణ చెయ్యలేదు. కేంద్రాన్ని నివేదిక అడిగి, సిఫారసు చెయ్యగలదు. అదీ ఘటన జరిగిన ఏడాది లోపల ఫిర్యాదు పోవాల. జాతీయ ఎస్.సి. కమిషనుకు మాత్రం రాజ్యాంగం 338వ అధికరణం కింద, మన హక్కులకు భంగం కలిగిందన్న ఫిర్యాదుల్లో సివిల్ కోర్టు మాదిరి మనిషిని పిలిపించే, రికార్డు తెప్పించే అధికారం ఉంది. ఆ అధికారాన్ని ఊరి బావి దగ్గరికే కాదు, విమానాశ్రయం గేటు దగ్గరికీ నడిపించాల.

*

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు.

ఒకటి. మామూలు సోదా దాటి ఎవరినైనా తెర వెనక్కి తీసుకపోతే ఒక చీటీ ఇవ్వాల. తేదీ, సమయం, కౌంటరు, కారణం, సోదా చేసినవాళ్ళ నంబరు అందులో ఉండాల. పచ్చడి డబ్బా తీసుకున్నా చీటీ ఇవ్వాల.

రెండు. ఆడవాళ్ళ సోదా జరిగే చోట తెర పూర్తిగా మూయాల. తెలుగు నేల మీద ఉన్న ప్రతి విమానాశ్రయంలో, ప్రతి షిఫ్టులో, తెలుగు వచ్చిన ఆడమనిషి ఒకరైనా అక్కడ ఉండాల. ప్రకటనలు ముందు స్థానిక భాషలో చెప్పాలని 2018 డిసెంబరులో కేంద్రం విమానాశ్రయాలకు ఆదేశమిచ్చింది. మైకులో తెలుగు వినిపించి, తెర వెనక తెలుగు లేకపోతే ఏం లాభం?

మూడు. ఒంట్లో రాడ్డు, ప్లేటు, పెట్టుడు కాలు ఉన్నవాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రి ఒక కార్డు ఇవ్వాల. సుధాచంద్రన్ గారు అడిగిందీ అట్లాంటి కార్డే. అది నటికి ఎంత అవసరమో ట్రాక్టరు బోల్తాపడిన కూలికి అంతకు పదింతలు అవసరం.

నాలుగు. సోదా దాటినాక, విమానం ఎక్కకముందు, నోటిమాటతో తెలుగులో ఫిర్యాదు చేసే చోటు ఉండాల. ఫిర్యాదు వచ్చిన వెంటనే కెమెరా రికార్డు తీసి దాచాల. విదేశం పోయినవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు చేసే ఫిర్యాదును 'వివరాలు చాలవు' అని మూసెయ్యకూడదు. వివరాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి, మన దగ్గర కాదు.

ఐదు. ఏ విమానాశ్రయంలో ఎన్ని ఫిర్యాదులు వచ్చినాయి, ఏం చేసినారు అన్నది ఆరు నెలలకొకసారి అచ్చువేసి గోడకు అంటించాల.

ఆరు. సోదా అక్కరలేని పెద్దల పట్టిక తగ్గించాల. మంత్రులు వరుసలో నిలబడి ఒళ్ళు తడిమించుకున్న రోజున ఆ చేతులు వాటంతటవే మర్యాద నేర్చుకుంటాయి.

సర్కారు ఇవన్నీ చేసేదాకా మనం ఊరికే ఉండనక్కరలేదు. గల్ఫుకు పోయేవాళ్ళకు మన సంఘాలు ఒక పూట కూర్చోబెట్టి చెప్పాల. డాక్టరు కాయితం, ఎక్స్‌రే చేతిసంచిలోనే పెట్టుకోవాలని చెప్పాల. గడియారం చూసుకోవాలని, ఎన్నో వరుసో గుర్తుపెట్టుకోవాలని, ఛాతీ మీద పేరు బిళ్ళ చూడాలని, దిగగానే మొదటి ఫోనులోనే చెప్పాలని నేర్పాల. ఇంట్లోవాళ్ళు అదే రోజు ఫిర్యాదు పంపాల.

*

కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచినారు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. కుంఫిణీ దొరల ఖజానా మీద 1846లో దాడి జరిగింది మా కోయిలకుంట్లలోనే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసిందీ మా కోయిలకుంట్లలోనే. తల తెచ్చి కోటకు వేలాడదీసి, వచ్చేపోయేవాళ్ళంతా చూసి భయపడాలని ఏండ్ల తరబడి అట్లే ఉంచినారు. ఆయన పక్కన నిలబడి పోరాడిన వడ్డె ఓబన్న పేరు ఏ గేటుకు పెడతారో ఇంకా అడగాల్సే ఉంది. అది వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేదొకటే. లెక్క చెప్పని అధికారం మీద తిరగబడిన మనిషి పేరు గేటుకు రాసుకున్నాక, ఆ గేటు దగ్గరే కాదు, దేశంలో ఏ గేటు దగ్గరైనా లెక్క అడిగే హక్కు ఈ తాలూకా కూలి మనిషికి ఉంది.

మా చెల్లెలు సెలవు మీద వచ్చి పోతానని మొన్న ఫోన్ చేసింది. మళ్ళీ అదే గేటు, అదే మిషను, కాల్లో అదే ఇనుము. "అన్నా, ఈసారి కాయితం చేతిలోనే పెట్టుకుంటా. ఆ ఛాతీ మీద బిళ్ళ నేను చదవలేను కదా, ఇంగ్లీషు అచ్చరాలు నేర్పియ్" అనింది. ఇరవై ఆరు అక్షరాలు నేర్పడం నా ఉద్యోగం, నేర్పుతాను. ఆమె చదివిన పేరుకు జవాబు చెప్పించే పని నా ఒక్కడిది కాదు, మనందరిది.

జై భీమ్.